బెలూన్‌ను ఎత్తేది బయటి గాలే

ప్రశ్న గుంతకల్లు నుంచి వచ్చింది. పాప పుట్టినరోజుకు ఒకాయన హీలియం బెలూన్లు తెచ్చారు. అవి పోయి సీలింగ్‌కు అతుక్కున్నాయి, తెల్లారేసరికి సగం నేల మీదున్నాయి. నోటితో ఊదినవి మాత్రం మొదటినుంచీ కిందే పడి ఉన్నాయి. దాంతో ఇంట్లో వాదన మొదలైంది. హీలియంకు గురుత్వాకర్షణ పనిచేయదు, అందుకే పైకి పోతుందని ఆయన బావమరిది అంటాడు. ఈయనకేమో వేరే అనుమానాలు. హైడ్రోజన్ బరువు హీలియంలో సగమే కాబట్టి రెట్టింపు మోస్తుందా? ఏ గ్యాసూ లేకుండా లోపల ఖాళీ చేస్తే ఇంకా బాగా తేలుతుందా? టన్నుల బరువున్న ఎయిర్‌షిప్, అంటే గ్యాస్ నింపుకుని ఇంజన్లతో నడిచే గాలి ఓడ, గాల్లో ఎట్లా నిలబడుతుంది? బెలూన్ వదిలేస్తే ఎంత ఎత్తుకు పోతుంది?

నేను వాతావరణ శాఖలో బెలూన్లు నింపి వదిలే ఉద్యోగం చేసి, రిటైరై అనంతపురంలో ఉంటున్నాను. ఇష్టమైన సంగతి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు బావమరిది గారి మాట చూద్దాం. హీలియంకూ బరువుంది. సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో, ఒక ఘనపు మీటరు హీలియం, అంటే వెయ్యి లీటర్లు, సుమారు 170 గ్రాములు తూగుతుంది. భూమి దాన్నీ కిందికే లాగుతుంది. మనం మర్చిపోయేది గాలి బరువును. అక్కడే ఘనపు మీటరు గాలి 1,225 గ్రాములుంటుంది. గుంతకల్లు ఎత్తుకూ వేడికీ గాలి ఇంకాస్త పల్చనవుతుంది, అయినా మీ ఇంట్లో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి ఒక్కటే దాదాపు 37 కేజీలు. అన్ని వైపులా అదే ఉంది కాబట్టి మనకు తెలియదు, అంతే.

చేదబావిలో నీళ్లు తోడినవాళ్లను అడగండి. నిండిన బొక్కెన నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా వస్తుంది, నీటిమట్టం దాటగానే భుజాలు లాగేస్తాయి. బొక్కెన బరువు ఎక్కడా మారలేదు. మునిగి ఉన్నంతసేపు చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని ఎత్తిపట్టాయి. ఒక వస్తువు ఎంత నీటిని పక్కకు నెట్టి ఆ చోటులో కూర్చుందో, అంత నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. ఇది ఆర్కిమిడీస్ సూత్రం, బడిలో అందరం చదువుకున్నదే. గాలికీ ఇదే వర్తిస్తుందని మాత్రం పుస్తకంలో ఒక లైనుగా ఉంటే దాటేసి ఉంటాం. 70 కేజీల మనిషిని కూడా గాలి ఓ 80 గ్రాముల మేర ఎత్తుతూనే ఉంటుంది.

ఈ పైకి నెట్టే బలం ఎక్కడినుంచి వస్తుందో ఒక్కసారి చూస్తే మిగతాదంతా తేలిపోతుంది. మన నెత్తి మీద ఉన్న వాతావరణం బరువంతా కలిపి ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 10 టన్నుల ఒత్తిడి వేస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ పైన మిగిలిన గాలి తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. ఇప్పుడు మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టె ఒకటి గాల్లో ఉందనుకోండి. దాని పైమూత మీద గాలి కిందికి నొక్కుతుంది, అడుగున పైకి నొక్కుతుంది. అడుగు ఒక మీటరు కిందుంది కాబట్టి అక్కడ ఒత్తిడి కాస్త ఎక్కువ. ఆ 10 టన్నుల్లో తేడా ఎంతంటే 1.2 కేజీల బరువంత. సరిగ్గా ఆ పెట్టె ఆక్రమించిన చోటులో ఉండాల్సిన గాలి బరువు. ప్రక్కలనుంచి వచ్చే ఒత్తిళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది ఈ చిన్న తేడా ఒక్కటే. బెలూన్లు, ఎయిర్‌షిప్పులు అన్నీ దానిమీదే బతుకుతున్నాయి.

ఇందులో లోపల ఏముందన్న ప్రస్తావనే రాలేదు, గమనించారా? పెట్టెలో హీలియం పెట్టండి, ఇసుక పోయండి, బయటి గాలి ఎత్తేది అదే 1.2 కేజీలు. పెట్టె, లోపల ఉన్నది కలిపి అంతకంటే బరువైతే కింద పడుతుంది, తేలికైతే పైకి పోతుంది. ఇంకో సంగతి: పైన తక్కువ, కింద ఎక్కువ అనే ఒత్తిడి తేడా వచ్చిందే భూమి గాలిని లాగడం వల్ల. కాబట్టి గురుత్వాకర్షణ లేకపోతే బెలూన్ తేలేదే కాదు. అంతరిక్ష కేంద్రంలో హీలియం బెలూన్ వదిలితే సీలింగ్ వెతుక్కుంటూ పోదు.

బావమరిది అప్పటికీ ఒప్పుకోకపోతే ఒక పని చేయండి. హీలియం బెలూన్‌కు దారం కట్టి కారులో వెనక సీట్లో పట్టుకుని కూర్చోమనండి. అద్దాలన్నీ ఎక్కించి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట మీరు కాస్త గట్టిగా బ్రేక్ వేయండి. మనుషులందరూ ముందుకు తూలతారు, బెలూన్ వెనక్కి వస్తుంది. ఎందుకంటే కారులోని గాలి కూడా ముందుకు తూలి ముందువైపు ఒత్తిడి పెంచుతుంది, ఆ ఒత్తిడి తేలికైన బెలూన్‌ను వెనక్కి నెడుతుంది. నిలువునా జరిగేదే ఇక్కడ అడ్డంగా జరిగింది. నెడుతున్నది గాలేనని ఇంతకంటే బాగా నేను చూపించలేను.

ఇక లెక్క. తూకంలో మూడు పద్దులుంటాయి: పక్కకు జరిగిన గాలి బరువు, లోపలి గ్యాస్ బరువు, సంచీతో పాటు దానికి కట్టిన సామాను బరువు. మొదటిదాంట్లోంచి మిగతా రెండూ తీసేయాలి. 30 సెంటీమీటర్ల గుండ్రటి బెలూన్‌లో 14 లీటర్లు పడుతుంది. గుంతకల్లు ఎత్తులో, 30 డిగ్రీల వేడిలో, ఆ చోటులో ఉండాల్సిన గాలి సుమారు 15 గ్రాముల పైచిలుకు. హీలియం 2 గ్రాములు. రబ్బరు ఓ 3 గ్రాములు. మిగిలింది 10 గ్రాములు. మీ పాప 20 కేజీలుంటే ఆమెను నేలమీదనుంచి లేపడానికి ఇలాంటివి రెండు వేలు కావాలి, కాబట్టి చేతికి నాలుగు కట్టినందుకు అమ్మమ్మలెవరూ కంగారు పడక్కర్లేదు.

నోటితో ఊదిన బెలూన్‌కూ ఇదే లెక్క వేయండి. జరిగిన గాలి 15 గ్రాములు, లోపల దూరిన గాలి కూడా అంతే, పైగా రబ్బరు బిగువుకు కాస్త కుదించుకుపోయి ఇంకొంచెం ఎక్కువే. దానిమీద రబ్బరు బరువు. నష్టమే తప్ప మిగులు లేదు. మన ఊపిరి వెచ్చగా ఉంటుంది కదా అంటారేమో, ఆ వెచ్చదనం ముడి వేసేలోపే పోతుంది.

హైడ్రోజన్ రెట్టింపు మోస్తుందా అన్న ప్రశ్న నాకు బాగా నచ్చింది, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. ఘనపు మీటరుకు చేతికొచ్చే మొత్తం 1,225 గ్రాములు. ఇది గాలి ఇచ్చేది, గ్యాస్ మార్చినా మారదు. హీలియం పెడితే అందులో 170 ఖర్చు, మిగులు 1,055. హైడ్రోజన్ పెడితే 85 ఖర్చు, మిగులు 1,140. ఖర్చు సగమైంది నిజమే, మిగులు మాత్రం 8 శాతమే పెరిగింది. లోపల అసలేమీ లేకుండా శూన్యం చేస్తే ఖర్చు సున్నా, మొత్తం 1,225 మనదే. అయినా హీలియం కంటే అది 16 శాతమే ఎక్కువ.

ఆ 16 శాతానికి కక్కుర్తి పడితే ఏమవుతుందో 1670లోనే తెలిసే అవకాశం ఉండింది. ఫ్రాంచెస్కో లానా అనే ఇటలీ పాద్రీ రాగిరేకుతో నాలుగు పెద్ద గోళాలు చేసి, లోపలి గాలంతా తీసేసి, వాటికి పడవ కట్టి ఎగరేయొచ్చని రాశాడు. ఆలోచనలో తప్పులేదు, తూకం లెక్క సరిగ్గానే వేశాడు. కానీ చదరపు మీటరుకు 10 టన్నుల ఒత్తిడి బయటినుంచి నొక్కుతుంటే లోపల ఎదురు నిలబడేవాళ్లు లేరు. తేలేంత పల్చటి రేకు నలిగి ముద్దవుతుంది, నలగనంత మందపు రేకు తేలదు. గాలి తీసేసి నలగకుండా నిలబడి, పైగా తేలేంత తేలికైన డొల్లను ఇప్పటికీ ఎవరూ చేయలేకపోయారు. గ్యాస్ చేసే ఉద్యోగం ఇదన్నమాట: బయటి గాలికి లోపలినుంచి సరిసమానంగా ఎదురు నొక్కుతూ, తన బరువు మాత్రం వీలైనంత తక్కువ పెట్టుకోవడం.

అంత తేలికైన గ్యాస్ అంత గట్టిగా ఎలా ఎదురు నిలుస్తుంది? ఒకే వేడి, ఒకే ఒత్తిడి ఉంటే, ఒకే పరిమాణంలో ఏ గ్యాస్‌కైనా అణువుల సంఖ్య ఒకటే అని అవగాడ్రో అనే ఇటలీ శాస్త్రవేత్త చెప్పాడు. లెక్కకు అన్నే ఉన్నా ఒక్కోటి తేలిక. గాలి అణువు బరువు సగటున 29 పాళ్లయితే హీలియం 4, హైడ్రోజన్ 2. తేలికైనవి వేగంగా పరిగెత్తి గోడను కొడతాయి, ఒత్తిడి సమానమవుతుంది. నీటి ఆవిరి కూడా 18 మాత్రమే. ఉక్కపోసే గాలి బరువుగా ఉందంటాం గానీ, తూకంలో తేమ గాలి పొడి గాలికంటే తేలిక.

తెల్లారి మీ బెలూన్లు కింద పడటానికి కారణం చిన్నదే. రబ్బరు కంటికి గట్టిగా కనిపిస్తుంది కానీ హీలియం దానిగుండా మెల్లగా కారిపోతూనే ఉంటుంది. మిగులు 10 గ్రాములే కాబట్టి ఓ రాత్రిలో చెల్లిపోతుంది. వెండిరంగు రేకు బెలూన్లు రోజుల తరబడి నిలుస్తాయి. ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. జాతర్లలో, రోడ్డు పక్కన అమ్మే గ్యాస్ బెలూన్లు చాలావరకు హైడ్రోజన్‌వి. హీలియం ఖరీదు, హైడ్రోజన్ చవక. కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు పాత సిలిండర్‌లో వేసి అక్కడికక్కడే తయారుచేసేవాళ్లున్నారు, ఆ సిలిండర్లు పేలిన వార్తలు మీరూ చదివే ఉంటారు. కేక్ మీద కొవ్వొత్తులు వెలిగించే చోట అలాంటి బెలూన్ల గుత్తి పెట్టడం కంటే బుద్ధితక్కువ పని లేదు. అమ్మేవాణ్ని అడగండి, నమ్మకం కుదరకపోతే మానేయండి. హీలియం మండదు, అయితే గొంతు మారుతుందని పిల్లలు పీల్చడం కూడా ప్రమాదమే, అందులో ఆక్సిజన్ ఉండదు.

ఇప్పుడు వేడిగాలి. 1783లో ఫ్రాన్సులో మాంగోల్ఫియే సోదరులు మొదటి బెలూన్ ఎగరేశారు. వాళ్లది కాగితాల వ్యాపారం. పొగలోనే ఏదో ప్రత్యేకమైన వాయువు ఉందనుకుని తడి గడ్డి, ఉన్ని కాల్చేవారు. నిజానికి పనిచేసింది వేడి. ఆ సెప్టెంబరులో వెర్సాయిలో ఒక గొర్రెను, బాతును, కోడిపుంజును ఎక్కించారు, నవంబరు 21న ఇద్దరు మనుషులు పారిస్ మీద ఎగిరారు. అదే ఏడు డిసెంబరు 1న జాక్ షార్ల్ హైడ్రోజన్ బెలూన్‌లో ఎక్కాడు. ఒకే ఏడాదిలో రెండు దారులూ తెరుచుకున్నాయి.

వేడిచేస్తే గాలి వ్యాకోచించి, అంతే చోటులో తక్కువ గాలి మిగులుతుంది. గుడ్డసంచీ కింద నోరు తెరిచే ఉంటుంది, అదనపు గాలి అక్కడినుంచి పోతుంది. కానీ ఇక్కడ మిగులు చాలా తక్కువ, అదీ బయటి వాతావరణం మీద ఆధారపడి మారిపోతూ ఉంటుంది. మన అనంతపురాన్నే తీసుకుందాం. ఊరు సముద్రమట్టానికి 300 మీటర్లకు పైనే ఉంది కాబట్టి గాలి కొంచెం పల్చన. డిసెంబరు పొద్దున 18 డిగ్రీలున్నప్పుడు ఘనపు మీటరు గాలి సుమారు 1,167 గ్రాములు. సంచీలో గాలిని 100 డిగ్రీలకు వేడిచేస్తే అది 911 గ్రాములవుతుంది. మిగులు 256. నలుగురు ఎక్కే బెలూన్ 2,500 ఘనపు మీటర్లుంటుందనుకుంటే మొత్తం 640 కేజీలు. ఇందులోనే సంచీ, బుట్ట, బర్నర్, గ్యాస్ సిలిండర్లు, మనుషులు అన్నీ సర్దుకోవాలి.

అదే బెలూన్‌ను మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీల ఎండలో తీయండి. బయటి గాలి 1,074 గ్రాములకు పడిపోతుంది. లోపల అదే 100 డిగ్రీలు, 904 గ్రాములు. మిగులు 170. మొత్తం 425 కేజీలు. రెండు వందల కేజీల పైన పోయింది, అంటే ముగ్గురు మనుషులు దిగిపోవాలి. ఇంకా వేడిచేద్దామంటే గుడ్డ ఓర్చుకోదు, నైలాన్‌కు 120 డిగ్రీల చుట్టుపక్కలే హద్దు. దానికి తోడు మధ్యాహ్నం నేల కాలి గాలి సుళ్లు తిరుగుతూ లేస్తుంది, మన పల్లెల్లో దుమ్ముతో లేచే సుడిగాలులు అవే. వేడిగాలి బెలూన్లు ఎక్కడైనా పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఎగరేసేది ఇందుకే. గండికోటలోనో ఇంకెక్కడో వేసవి మధ్యాహ్నం బెలూన్ ఎక్కిస్తామని ఎవరైనా అంటే ఎక్కకండి.

టన్నుల బరువున్న ఎయిర్‌షిప్ సంగతికొస్తే, బరువు ఎన్ని టన్నులని అడిగితే సరిపోదు, ఎంత గాలిని జరిపిందని కూడా అడగాలి. జర్మనీవాళ్ల హిండెన్‌బర్గ్ పొడవు 245 మీటర్లు, లోపల రెండు లక్షల ఘనపు మీటర్ల హైడ్రోజన్. అది పక్కకు జరిపిన గాలి సుమారు 240 టన్నులు. లోపలి హైడ్రోజన్ 20 టన్నులు కూడా లేదు. అల్యూమినియం మిశ్రమంతో చేసిన అస్థిపంజరం, ఇంజన్లు, ఇంధనం, భోజనాల గది, ప్రయాణికులు అన్నీ ఆ మిగులులో ఇమిడిపోయాయి. అసలు దాన్ని హీలియం కోసమే డిజైన్ చేశారు. అప్పట్లో హీలియం చేతిలో ఉన్న దేశం అమెరికా, 1927 నాటి చట్టం ప్రకారం ఎగుమతికి వీల్లేదు. హైడ్రోజన్‌తోనే నడిపారు, 1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో దిగుతూ అంటుకుంది, 36 మంది పోయారు. 8 శాతం అదనపు మోతకు ఇంత ప్రమాదం మోయడం లెక్కకు అందే బేరం కాదని నా అభిప్రాయం, కానీ వాళ్లకు వేరే దారి లేకపోయింది.

హీలియం మాటొచ్చింది కాబట్టి మనవాళ్లు గర్వంగా చెప్పుకునే ముచ్చట ఒకటి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరులోనే చూశాడు, సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటం, అంటే ఆ వెలుగును విడదీస్తే వచ్చే రంగుల గీతలు, పరిశీలించాడు. అందులోని పసుపు గీత హీలియందే, అయితే అది సోడియంది కాదని తేల్చినవాడు ఇంగ్లండులో నార్మన్ లాకయర్, అదే ఏడు అక్టోబరులో. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, విలియం రామ్సేకు. హీలియం కథ మన గుంటూరులో మొదలైందని చెప్పుకోవచ్చు, లాకయర్‌ను మర్చిపోకుండా.

చివరిది, ఎంత ఎత్తుకు పోతుందన్నది. ఇది నా ఉద్యోగం. బెలూన్ నింపే గదిలో తలుపులు వేసుకునేవాళ్లం, ఫ్యాన్ ఆపేసేవాళ్లం. బెలూన్ మెడకు నాజిల్ తొడిగి, నాజిల్‌కు తూకపు బిళ్లలు తగిలించి, గ్యాస్ మెల్లగా వదలాలి. ముడతలు పడి వేలాడే రబ్బరు నెమ్మదిగా లేచి గుండ్రమవుతుంది. ఒక దశలో బెలూన్, నాజిల్, బిళ్లలు అన్నీ కలిసి గాల్లో ఊరికే నిలబడిపోతాయి, పైకీ పోవు, కిందికీ రావు. వేలితో కొంచెం కిందికి నొక్కితే నొక్కినచోటే ఆగుతుంది. అక్కడ గ్యాస్ కట్టేసి, మెడను దారంతో బిగించి, నాజిల్‌ను, బిళ్లలను తీసేస్తే, తీసేసిన బరువంత బలం మిగిలిపోతుంది. దాన్ని ఫ్రీ లిఫ్ట్ అంటారు. అది తెలిస్తే బెలూన్ నిమిషానికి ఎన్ని మీటర్లు ఎక్కుతుందో ముందే చెప్పొచ్చు. ఆకాశం నిర్మలంగా ఉంటే తెల్ల బెలూన్, మబ్బుగా ఉంటే ఎర్రది లేదా నల్లది. బయటికి తెచ్చి వదిలి, కోణాలు కొలిచే దుర్భిణి థియోడొలైట్‌లో కన్ను పెట్టి నిమిషం నిమిషానికీ కోణాలు రాసుకుంటే పైన గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో తేలుతుంది. రాత్రిపూట కనబడటానికి పాతకాలంలో దాని కింద కొవ్వొత్తి పెట్టిన కాగితపు లాంతరు కట్టేవారట. పైన హైడ్రోజన్, కింద కొవ్వొత్తి. వాళ్ల గుండె ధైర్యానికి దండం పెట్టాలి.

పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది కదా, మోత తగ్గదా అని అడుగుతారు. రబ్బరు బెలూన్‌కు తగ్గదు. ఒత్తిడి తగ్గిన మేరకు బెలూన్ ఉబ్బుతుంది. గాలి సగం పల్చనైనచోట బెలూన్ రెట్టింపు పరిమాణమై, అంతే బరువు గాలిని జరుపుతుంది. కాబట్టి దాదాపు ఒకే వేగంతో ఎక్కుతూనే ఉంటుంది, రబ్బరు తెగేదాకా. పరికరాలు మోసుకుపోయే వాతావరణ బెలూన్ కిందనుంచి వదిలేటప్పుడు రెండు మీటర్ల లోపు ఉంటుంది, 30 కిలోమీటర్ల ఎత్తున ఆరేడు మీటర్లకు ఉబ్బి పగులుతుంది. అక్కడ ఒత్తిడి నేలమీద ఉన్నదాంట్లో నూరో వంతు. మన రాయలసీమలోనే తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇలాంటివి వదులుతుంటుంది. పాప చేతిలోంచి జారిన బెలూన్‌దీ ఇదే కథ, రబ్బరు చిన్నది కాబట్టి అంత దూరం పోకుండా ముందే పగిలిపోతుంది.

సాగని సంచీ వేరు. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు వదిలే పెద్ద బెలూన్లు పల్చటి పాలిథిన్‌వి. వాటిలో హైడ్రోజన్ కొంచెమే నింపి, మిగతా సంచీని వదులుగా ఉంచుతారు. పైకి పోయేకొద్దీ గ్యాస్ వ్యాకోచించి సంచీ నిండుతుంది. నిండాక ఇక ఉబ్బడానికి చోటులేదు, జరిపిన గాలి బరువూ మొత్తం బెలూన్ బరువూ సమానమైన చోట ఆగి తేలుతుంది. అది 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తు. ఎయిర్‌షిప్పులదీ ఇదే చిక్కు. వాటి లోపల గాలిసంచులు వేరుగా పెడతారు, పైకి పోతూ వాటిలోని మామూలు గాలిని బయటికి వదిలి హీలియంకు చోటిస్తారు, దిగేటప్పుడు మళ్లీ గాలి నింపుకుంటారు. 2025 మే 3న మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ మధ్యప్రదేశ్‌లోని శ్యోపుర్ నుంచి ఒక ఎయిర్‌షిప్‌ను 17 కిలోమీటర్ల దాకా పంపింది. ఆ ఎత్తులో గాలి సాంద్రత కిందున్నదాంట్లో తొమ్మిదో వంతుకు దగ్గర. ఇక్కడ కేజీ మోసే ఘనపు మీటరు హీలియం అక్కడ 120 గ్రాములే మోస్తుంది. ఒక్క కెమెరాను అక్కడ రోజులకొద్దీ నిలబెట్టాలన్నా పెద్ద ఓడంత సంచీ కావాల్సి వచ్చేది అందుకే.